సరుకు ఆగేది దారిలో కాదు, చేతులు మారే చోట

క్లుప్తంగా: సప్లై చెయిన్‌ను, అంటే సప్లయర్ నుంచి కస్టమర్ దాకా సరుకు సాగే వరసను, సులభం చేయడం అంటే కొత్త సాఫ్ట్‌వేర్ కొనడమో, స్టాక్ తెగ్గోయడమో కాదు. సరుకు, కాగితం, సమాచారం ఎన్నిసార్లు చేతులు మారుతున్నాయో లెక్కపెట్టి, అనవసరమైన మార్పులను తీసేయడం. ఆలస్యం, ఖర్చు ఎక్కువగా పుట్టేవి అక్కడే. రకాలు తగ్గించడం, రవాణా గడువు నిలకడగా ఉండేలా చూడటం, ఒక వివరాన్ని ఒక్కసారే నమోదు చేయడం ఇందులో ముఖ్యమైన పనులు. అలాగని అన్నిటినీ ఒకే సప్లయర్, ఒకే గోదాము దాకా కుదించుకుంటూ పోతే చిక్కు పోయి దాని స్థానంలో ముప్పు వస్తుంది.

వ్యాపారం చిన్నగా ఉన్నన్నాళ్లు సరుకు రవాణా వ్యవహారమంతా ఒక మనిషి తలలో ఇమిడిపోతుంది. ఏ సప్లయర్ ఎప్పుడు పంపుతాడు, ఏ పెట్టె ఎక్కడుంది, ఎవరికి ఫోన్ చేస్తే పని అవుతుంది అన్నవన్నీ ఆ ఒక్కరికే తెలుసు. ఆర్డర్లు పెరిగే కొద్దీ ఆ జ్ఞాపకశక్తి చాలదు. ఒక ఎక్సెల్ షీట్ పుడుతుంది, దాని పక్కన ఇంకొకటి, ఆపైన ఒక వాట్సాప్ గ్రూపు, ఒక్కో కొరియర్ కంపెనీకి ఒక్కో పోర్టల్. చివరికి కస్టమర్ ‘నా సరుకు ఎక్కడుంది’ అని అడిగితే నాలుగు చోట్ల వెతికితే గానీ జవాబు దొరకదు. సరిగ్గా ఈ దశలోనే ‘అన్నీ ఒకే చోట’ అనే సాఫ్ట్‌వేర్ ప్రకటనలు కళ్లకు ఇంపుగా కనిపిస్తాయి. కొన్నాక ఆ నాలుగు చోట్లకు ఐదోది తోడైన సందర్భాలు తక్కువేమీ కాదు. అలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఆలస్యం నిజంగా ఎక్కడ పుడుతుందో చూడాలి.

ఒక ఆర్డర్ వెంట నడిస్తే

ఒక మామూలు ఆర్డర్‌ను ఊహించుకుందాం. సోమవారం ఉదయం 11 గంటలకు మెయిల్‌లో వచ్చింది. దాన్ని సాయంత్రం ఒకరు బిల్లింగ్ సిస్టమ్‌లో టైప్ చేశారు. పని 10 నిమిషాలది. అప్పు పరిమితి చూసి అనుమతి ఇవ్వాల్సిన మేనేజర్ మంగళవారం మధ్యాహ్నం చూసి ఓకే అన్నారు. పని 2 నిమిషాలది. గోదాములో ఏ అరలోంచి ఏం తీయాలో చెప్పే పిక్ లిస్ట్ రోజుకు ఒకసారే, ఉదయం పూట ప్రింట్ అవుతుంది. కాబట్టి ఈ ఆర్డర్ బుధవారం ఉదయం జాబితాలో చేరింది. వరసలో దాని వంతు సాయంత్రం నాలుగున్నరకు వచ్చింది. సరుకు తీయడానికి 40 నిమిషాలు, ప్యాక్ చేయడానికి 30 నిమిషాలు పట్టింది. కొరియర్ బండి 4 గంటలకే వెళ్లిపోయింది. పెట్టె గురువారం 4 గంటల దాకా అక్కడే ఉంది.

ఆర్డర్ వచ్చినప్పటి నుంచి గడప దాటే దాకా 77 గంటలు. అందులో మనుషులు నిజంగా పని చేసింది 82 నిమిషాలు. మిగతాదంతా ఎదురుచూపే.

ఈ లెక్క కళ్ల ముందు లేనప్పుడు యాజమాన్యం సహజంగా పనిని వేగం చేయాలని చూస్తుంది. కొత్త స్కానర్లు కొని 40 నిమిషాల పనిని 20కి తెచ్చారనుకుందాం. బండి అప్పటికే వెళ్లిపోయింది కాబట్టి ఆ ఆర్డర్‌కు ఒరిగేదేమీ లేదు, గురువారమే కదులుతుంది. పరిమితి లోపల కొనే పాత కస్టమర్లకు మేనేజర్ అనుమతి అక్కర్లేదని ఒక నియమం పెడితే మాత్రం ఆ ఆర్డర్ మంగళవారం ఉదయమే పిక్ లిస్ట్‌లోకి చేరి, బుధవారం బండి ఎక్కుతుంది. ఒక రోజంతా మిగిలింది, దానికి పైసా ఖర్చు కాలేదు. పిక్ లిస్ట్‌ను బండి వేళకు తగ్గట్టు రోజుకు రెండుసార్లు తీస్తే ఇంకో రోజు మిగిలే అవకాశం ఉంది.

ఓడ వేగం పెరగలేదు, చేతులు తగ్గాయి

ఇదే సూత్రం ప్రపంచ వాణిజ్యాన్ని మార్చిన తీరు సరుకు రవాణా చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ అనే ట్రక్కుల వ్యాపారి ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ మీద 58 లోహపు పెట్టెలను న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. అంతకు ముందు ఓడలోకి సరుకు ఎక్కించడమంటే బస్తాలు, పీపాలు, చెక్క పెట్టెలు ఒక్కొక్కటిగా మోయడమే. ట్రక్కు నుంచి షెడ్డులోకి, షెడ్డు నుంచి రేవు మీదకి, అక్కడి నుంచి ఓడ అడుగుకి. దిగే చోట మళ్లీ అదంతా తలకిందులుగా. ఆ రోజుల్లో టన్ను సరుకు చేతులతో ఎక్కించడానికి 5.86 డాలర్లు అయ్యేది. మెక్లీన్ పద్ధతిలో అది 16 సెంట్లకు దిగింది. ఓడ కొత్తదేమీ కాదు, పాత ట్యాంకరే. దాని వేగమూ పెరగలేదు. సరుకును మధ్యలో ముట్టుకోవాల్సిన అవసరం పోయింది, అంతే.

1968, 1970 మధ్య పెట్టె కొలతలకు, మూలల్లో బిగించే అమరికకు అంతర్జాతీయ ప్రమాణాలు వచ్చాయి. ఆ తర్వాతే ఏ దేశపు క్రేన్ అయినా, ఏ కంపెనీ ట్రక్కు అయినా ఆ పెట్టెను పట్టుకోగలిగింది. ఇవాళ పరిమాణం లెక్కన ప్రపంచ సరుకు వాణిజ్యంలో 80 శాతానికి పైగా సముద్రం మీదే సాగుతోంది.

చేతుల మార్పు ఎందుకంత ఖరీదో చిన్న గుణకారంతో తెలుస్తుంది. ఒక సరుకు 8 చోట్ల చేతులు మారుతుందనుకుందాం. ప్రతి చోటా 100కు 97 సార్లు పని సరిగ్గా జరుగుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఎనిమిదీ వరసగా సరిగ్గా జరిగే అవకాశం 78 శాతమే. అంటే ప్రతి ఐదు సరుకుల్లో ఒకటి ఎక్కడో ఒకచోట తట్టుకుంటుంది. మనుషులెవరినీ మార్చకుండా, మార్పులను 8 నుంచి 5కి తగ్గిస్తే అదే 86 శాతానికి చేరుతుంది. ఒక్కొక్కరి పనితీరు చూస్తే ఎవరిదీ తప్పనిపించదు, కానీ సరుకు మాత్రం ఆలస్యమవుతుంది. చాలా సంస్థల్లో విభాగాల మధ్య నడిచే గొడవలకు మూలం ఈ లెక్కలోనే ఉంది.

కంటెయినర్ మొత్తం తీసుకోవడమా, అందులో కొంత చోటు తీసుకోవడమా అన్న నిర్ణయాన్ని కూడా ఈ కోణంలో చూడాలి. కొంత చోటే తీసుకుంటే సరుకు మొదట ఉమ్మడి గోదాముకు వెళ్తుంది, ఇతరుల సరుకుతో కలుస్తుంది, దిగాక మళ్లీ విడిపోతుంది. అదే పెట్టెలో ఉన్న ఇంకొకరి కాగితాల్లో తేడా వచ్చినా అందరి సరుకూ ఆగొచ్చు. క్యూబిక్ మీటరు రేటు మాత్రమే పోల్చి చూసేవారికి ఈ ఖర్చు కనబడదు. 20 అడుగుల కంటెయినర్ లోపలి చోటు సుమారు 33 క్యూబిక్ మీటర్లు. సరుకు అందులో సగం దాకా వస్తుంటే పెట్టె మొత్తం తీసుకోవడం ఎంత అవుతుందో కూడా అడిగి చూడాలి.

రకాలు పెరిగితే చిక్కు రెట్టింపు

అమ్మకాల వారికి రకాలు ఎక్కువుంటే ఇష్టం, గోదాము వారికి అదే తలనొప్పి. ఒక వస్తువుకు 4 రంగులు, 3 సైజులు, 2 ప్యాకింగ్‌లు ఉంటే 24 వేర్వేరు స్టాక్ కోడ్‌లు. ప్రతి కోడ్‌కూ విడిగా అంచనా, విడిగా ఆర్డర్, విడిగా అర. ఏదో ఒకటి అయిపోతూనే ఉంటుంది, ఇంకేదో పేరుకుపోతూనే ఉంటుంది. అమ్మకం లేని రకాలను తీసేయడం తేలికైన పరిష్కారమే, కానీ ప్రతిసారీ వీలు కాదు.

అప్పుడు పనికొచ్చేది రకాన్ని ఆలస్యంగా నిర్ణయించడం. హ్యూలెట్ ప్యాకార్డ్ తన డెస్క్‌జెట్ ప్రింటర్ల విషయంలో చేసింది ఇదే. ఒక్కో దేశానికి కరెంటు ప్లగ్గు వేరు, వోల్టేజీ వేరు, మాన్యువల్ భాష వేరు. ఫ్యాక్టరీలోనే ప్రింటర్‌ను ఒక దేశానికి కేటాయించేస్తే, ఓడలో వారాల తరబడి ప్రయాణించి చేరేసరికి ఒక దేశంలో సరుకు నిండుకుని, పక్క దేశంలో మిగిలిపోయేది. దాంతో పవర్ సప్లయ్, మాన్యువల్ లేకుండా అన్ని దేశాలకూ ఒకే ప్రింటర్ పంపి, ఆ రెండింటినీ చేరిన చోటి గోదాములో, అసలు ఆర్డర్లు చూశాక కలిపే పద్ధతి పెట్టారు. కస్టమర్‌కు రకాలు తగ్గలేదు. సప్లై చెయిన్ మోసే రకాలు తగ్గాయి. లేబుల్, భాష, రంగు మూత, బహుమతి ప్యాకింగ్ లాంటి పైపై తేడాలుండే ఏ వస్తువుకైనా ఈ ఉపాయం పనిచేస్తుంది.

త్వరగా రావడం కంటే చెప్పిన రోజుకు రావడం

రవాణా గురించి మాట్లాడేటప్పుడు మొదట అడిగేది ‘ఎన్ని రోజులు పడుతుంది’ అనే. స్టాక్ ఎంత పెట్టుకోవాలో నిర్ణయించేటప్పుడు ‘ఎన్ని రోజులు అటూ ఇటూ అవుతుంది’ అన్న ప్రశ్న అంతకంటే ముఖ్యం.

రోజుకు సగటున 100 అమ్ముడయ్యే వస్తువు ఒకటి ఉంది. రోజువారీ అమ్మకంలో హెచ్చుతగ్గు 20 దాకా ఉంటుంది. సరుకు సగటున 20 రోజుల్లో వస్తుంది, కానీ అందులో 5 రోజుల తేడా మామూలు. సరుకు నిండుకునే అవకాశం 5 శాతం మించకుండా ఉండాలంటే, వాడుకలో ఉన్న లెక్క ప్రకారం అత్యవసర నిల్వగా సుమారు 840 పెట్టుకోవాలి. ఇప్పుడు ఎక్కువ డబ్బు కట్టి 20 రోజులను 15కు తగ్గించారు, 5 రోజుల తేడా మాత్రం అలాగే ఉంది. కావాల్సిన నిల్వ 835. అంటే దాదాపు ఏమీ తగ్గలేదు. దారిలో ఉండే సరుకు 2,000 నుంచి 1,500కు తగ్గింది, ఆ లాభం లాభమే. అదే 20 రోజులనే ఉంచి, తేడాను 5 రోజుల నుంచి ఒక రోజుకు తెస్తే కావాల్సిన నిల్వ 221కి పడిపోతుంది.

అందుకే చవకైనా, కాస్త నిదానమైనా, చెప్పిన తేదీకి చేర్చే రవాణా సంస్థ చాలా వ్యాపారాలకు మేలు. సప్లయర్ల పనితీరును కొలిచేటప్పుడు కూడా సగటు రోజులు రాసుకుంటే సరిపోదు, ఆ సగటు చుట్టూ ఊగిసలాట ఎంతో రాసుకోవాలి. ఈ ఒక్క అంకె చాలా సంస్థల రిపోర్టుల్లో కనిపించకపోవడం నిజంగా పెద్ద లోటు.

కొరడా కొసన ఏం జరుగుతుంది

కొరడా పిడి పట్టుకున్న చెయ్యి కొద్దిగా కదిలితే కొస బలంగా ఊగుతుంది. సప్లై చెయిన్‌లో దీన్నే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. ప్రొక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ తన డైపర్ల ఆర్డర్లను పరిశీలించినప్పుడు ఇది బయటపడింది. పసిపిల్లలు డైపర్లు వాడే వేగం వారం వారం మారదు. దుకాణాల్లో అమ్మకాలు కూడా పెద్దగా ఊగలేదు. కానీ డిస్ట్రిబ్యూటర్లు పెట్టే ఆర్డర్లు ఊగాయి, కంపెనీ తన ముడిసరుకు సప్లయర్లకు పెట్టే ఆర్డర్లు ఇంకా ఎక్కువ ఊగాయి.

1997లో పరిశోధకులు దీనికి చెప్పిన కారణాలు నాలుగు. ప్రతి దశలోనూ కింది వారి ఆర్డర్లను చూసి ఎవరి అంచనా వారు వేసుకోవడం. రవాణా ఖర్చు కలిసొస్తుందని ఆర్డర్లను పోగేసి ఒకేసారి పెట్టడం. డిస్కౌంట్ ఉన్నప్పుడు ఎగబడి కొనడం. సరుకు కొరత అనగానే కావాల్సిన దానికంటే ఎక్కువ అడగడం. నాలుగూ ఎవరికి వారు చూసుకుంటే తెలివైన పనులే. 2020, 2021లో కొరత భయంతో ఎక్కువగా ఆర్డర్ చేసిన పెద్ద రిటైల్ సంస్థలు 2022లో గోదాముల నిండా సరుకుతో ఇబ్బంది పడటంలో ఈ నాలుగో కారణం పాత్ర పెద్దదే.

దీనికి మందు అసలు అమ్మకపు లెక్కను పై దశ వారితో పంచుకోవడం. ఆర్డర్‌కు బదులు ‘నిన్న ఇన్ని అమ్ముడయ్యాయి, ఇన్ని మిగిలాయి’ అన్న సమాచారం సప్లయర్‌కు నేరుగా చేరితే, మధ్యలో వేసుకునే అంచనాలు తగ్గుతాయి. నెలకోసారి పెద్ద ఆర్డర్‌కు బదులు వారానికోసారి చిన్న ఆర్డర్ పెట్టడం మరో దారి. కానీ బండి నిండకపోతే రవాణా ఖర్చు పెరుగుతుంది కాబట్టి, ఒకే సప్లయర్ నుంచి వచ్చే వేర్వేరు వస్తువులను ఒకే బండిలో కలిపితేనే అది గిట్టుబాటు.

సరుకు కంటే కాగితం నెమ్మది

అంతర్జాతీయ షిప్పింగ్‌లో చిక్కు ఎక్కువగా కాగితాల్లోనే ఉంటుంది. 2014లో మేర్స్క్ అనే షిప్పింగ్ సంస్థ తూర్పు ఆఫ్రికా నుంచి యూరప్‌కు వెళ్లే ఒక శీతల కంటెయినర్ ప్రయాణాన్ని ఆసాంతం గమనించింది. దాదాపు 30 మంది, సంస్థలు అందులో పాలుపంచుకున్నాయి. వారి మధ్య నడిచిన సమాచార మార్పిడి 200 సార్లు దాటింది.

ఇందులో ఒక్కటి తప్పినా ఏమవుతుందో చూద్దాం. ఇన్వాయిస్‌లో 484 పెట్టెలు, ప్యాకింగ్ లిస్ట్‌లో 480. నాలుగు పెట్టెలు చివరి నిమిషంలో ఆగిపోయాయి, ఒక కాగితం మారింది, రెండోది మారలేదు. కస్టమ్స్ అధికారికి తేడా కనబడితే సరుకు ఆపి వివరణ అడుగుతారు. రేవులో ఉచితంగా ఉంచే రోజులు అయిపోతాయి, ఆపైన రోజుకింత చొప్పున డెమరేజ్ అనే ఆలస్య రుసుము మొదలవుతుంది. ఖాళీ కంటెయినర్ తిరిగివ్వడం ఆలస్యమైతే దానికి వేరే జరిమానా. ఇదంతా ఒక అంకెను రెండు చోట్ల టైప్ చేసినందుకు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, షిప్పింగ్ సూచనలు మూడూ ఒకే మూల వివరాల నుంచి తయారైతే ఈ తప్పు పుట్టదు.

వస్తువు కోడ్ విషయమూ ఇంతే. వస్తువులను వర్గాలుగా విడదీసి అంకెల కోడ్ ఇచ్చే, 1988 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ హెచ్‌ఎస్ విధానంలో మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతటా ఒకటే. ప్రతి వస్తువుకూ ఆ కోడ్‌ను ఒకసారి జాగ్రత్తగా నిర్ణయించి, వస్తువుల జాబితాలోనే రాసి ఉంచితే, ప్రతి షిప్‌మెంట్‌కూ కస్టమ్స్ ఏజెంట్ తనకు తోచింది వేసే పద్ధతి ఆగుతుంది.

ఖర్చు, నష్టభయం ఎక్కడిదాకా అమ్మేవారివి, ఎక్కడి నుంచి కొనేవారివి అని చెప్పే ఇంకోటర్మ్స్ దగ్గర అపార్థాలు ఎక్కువ. అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదటిసారి తెచ్చిన ఈ పదాల 2020 కూర్పులో 11 నిబంధనలున్నాయి. సీఐఎఫ్ (సరుకు ధర, బీమా, ఓడ ఛార్జీ కలిపి) అంటే సరుకు చేరే దాకా బాధ్యత అమ్మేవారిదేనని చాలామంది అనుకుంటారు. కాదు. ఓడ ఛార్జీ, బీమా అమ్మేవారు కడతారు, కానీ సరుకు బయల్దేరే రేవులో ఓడ ఎక్కగానే నష్టభయం కొనేవారి మీదకు మారిపోతుంది. సరుకు ఓడ ఎక్కే దాకా బాధ్యత అమ్మేవారిదేననే ఎఫ్‌ఓబీని కంటెయినర్ సరుకుకు వాడటం మరో అలవాటు. కంటెయినర్‌ను ఓడ ఎక్కడానికి చాలా ముందే టెర్మినల్‌లో అప్పగించేస్తారు. ఆ మధ్య కాలంలో ఏదైనా జరిగితే బాధ్యత ఇంకా అమ్మేవారిదే. అలాంటి సరుకుకు, రవాణా సంస్థకు అప్పగించగానే బాధ్యత మారే ఎఫ్‌సీఏ సరైన నిబంధన.

కాగితాలన్నిటినీ ఒకే వేదిక మీదకు తేవాలన్న పెద్ద ప్రయత్నం ఒకటి జరిగింది. మేర్స్క్, ఐబీఎం కలిసి 2018లో ట్రేడ్‌లెన్స్ ప్రకటించాయి. 2022 నవంబరులో దాన్ని మూసేస్తున్నట్టు చెప్పాయి. వాణిజ్యపరంగా నిలదొక్కుకోవాలంటే పరిశ్రమ మొత్తం సహకరించాలి, అది సాధ్యపడలేదన్నది వారు చెప్పిన కారణం. ఒక సంస్థలోనూ ఇదే కథ చిన్న రూపంలో నడుస్తుంది. గోదాము వారు కొత్త సిస్టమ్‌లో, అకౌంట్స్ వారు పాత దానిలో, ఏజెంట్ మెయిల్‌లో ఉంటే, ఒకే వేదిక అన్నది పేరుకే మిగులుతుంది.

కొరియర్‌లో పంపే సరుకుకు ఇంకో చిన్న లెక్క. 60, 40, 40 సెంటీమీటర్ల పెట్టెలో 8 కిలోల వస్తువు ఉంటే, మూడు కొలతలను గుణించి 5,000తో భాగించే మామూలు పద్ధతిలో దాని బిల్లు బరువు (పెట్టె పరిమాణాన్ని బట్టి లెక్కగట్టేది) 19.2 కిలోలు. అదే వస్తువు 50, 35, 30 పెట్టెలో పడితే 10.5 కిలోలు. రేటు తగ్గించమని బేరమాడటం కంటే పెట్టె మార్చడం తేలిక.

ఎంతవరకు తగ్గించాలి

నాలుగు గోదాములను ఒకటి చేస్తే, వాటి గిరాకీ ఒకదానితో ఒకటి ముడిపడి లేకపోతే, అత్యవసర నిల్వ సగానికి తగ్గుతుంది. అయితే కస్టమర్‌కు దూరం పెరుగుతుంది, ఆ ఒక్క గోదాము ఆగితే అంతా ఆగుతుంది. సప్లయర్లను తగ్గించడంలోనూ లాభనష్టాలు ఇలాగే ఉంటాయి.

2000 మార్చి 17న అమెరికాలోని ఆల్బకర్కీలో ఫిలిప్స్ చిప్ ఫ్యాక్టరీలో పిడుగు వల్ల మంటలు లేచాయి. పది నిమిషాల్లో ఆరిపోయాయి. కానీ దుమ్ము కణం కూడా ఉండకూడని గదుల్లోకి పొగ చేరింది, ఉత్పత్తి వారాల తరబడి దెబ్బతింది. నోకియా, ఎరిక్సన్ రెండూ అక్కడి చిప్‌లే కొనేవి. సరుకు రాకలో తేడాను నోకియా వెంటనే పసిగట్టింది, ఇతర సప్లయర్ల దగ్గర, ఫిలిప్స్ ఇతర ఫ్యాక్టరీల దగ్గర తన వంతు పట్టుకుంది. ఖర్చు తగ్గించుకోవడానికి ఆ చిప్‌కు ఒకే సప్లయర్ మీద ఆధారపడ్డ ఎరిక్సన్ సుమారు 40 కోట్ల డాలర్లు నష్టపోయింది. మరుసటి ఏడాదే తన ఫోన్ల వ్యాపారాన్ని సోనీతో కలిపింది.

2021 మార్చిలో ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువలో ఆరు రోజులు అడ్డం తిరిగినప్పుడు, 2023 చివరి నుంచి ఎర్ర సముద్రం దాడుల వల్ల ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగాల్సి వచ్చినప్పుడు కూడా రెండో ఏర్పాటు ఉన్నవారికీ లేనివారికీ తేడా ఇలాగే కనిపించింది. అదనపు నిల్వను అన్ని వస్తువుల మీదా సమానంగా పరిస్తే డబ్బు దండగ. ఏ వస్తువు ఆగితే మిగతావన్నీ ఆగుతాయో దాని దగ్గర రెండో సప్లయర్, కొంత నిల్వ ఉండాలి. మిగతా చోట్ల ధైర్యంగా కుదించవచ్చు. ఆగితే కొంపలంటుకునే వస్తువు ఖరీదైనదే కానక్కర్లేదు, చాలాసార్లు అది లేబులో, మూతో, చిన్న వాల్వో అవుతుంది.

మొదలుపెట్టే చోటు

దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు. గత నెలలో పంపిన ఓ 20 ఆర్డర్లను, అందులో ఆలస్యమైనవి కొన్ని ఉండేలా, ఏరుకోవాలి. ఒక్కోదానికి ఒక కాగితం. ఎప్పుడు ఎవరి చేతికి వచ్చింది, ఎప్పుడు ముట్టుకున్నారు, ఎప్పుడు వదిలారు అని గడియారం ప్రకారం రాయాలి. ఆ కాగితాలు గోడకు అంటిస్తే ఎదురుచూపులు ఏ రెండు మూడు చోట్ల పేరుకున్నాయో దూరం నుంచే కనబడుతుంది. వాటిలో కొన్ని ఒక నియమం మారిస్తే పోతాయి, కొన్ని బండి వేళ మారిస్తే పోతాయి. మిగిలిన వాటికే సాఫ్ట్‌వేర్ అవసరం.

అదే కాగితాల మీద ఒకే వివరాన్ని రెండోసారి టైప్ చేసిన ప్రతి చోటా ఎర్ర గీత గీసి పెట్టుకుంటే, సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవారిని అడగాల్సిన ప్రశ్న కూడా సిద్ధమవుతుంది: ఈ గీతల్లో మీ సిస్టమ్ ఎన్నిటిని తీసేస్తుంది, కొత్తగా ఎన్నిటిని కలుపుతుంది?